సంత్రాను రంగు చూసి కొనకండి

నవంబరు మొదటి వారంలో మా పాంఢర్‌కవడా సంతలో సంత్రా కుప్ప పక్కన కాసేపు నిలబడితే, కొనేవాళ్ల చేతులు ఎటు పోతున్నాయో స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చగా ఉన్న కాయలను పక్కకు తోసి, అడుగున ఎక్కడో పసుపు తిరిగినవాటిని వెతికి పైకి తీస్తారు. పెన్‌గంగ దాటి ఆదిలాబాదు నుంచి వచ్చిన మా చుట్టాలూ అదే చేస్తారు, యవత్మాల్ జిల్లాలోనే పుట్టి పెరిగిన మేమూ అదే చేస్తాం. మా మేనమామకు పాటన్‌బోరీ వైపు 2 ఎకరాల సంత్రా తోట ఉంది. దీపావళి సెలవులకు అక్కడికి వెళ్లి, చెట్టు మీది పచ్చకాయను కోసుకుని కడుపునిండా తిని, దాని తీపి నోట్లో ఉండగానే సంతకు వచ్చి, అక్కడ మళ్లీ పసుపు కాయ కోసమే వెతికిన రోజులు నాకున్నాయి. ఆ అలవాటు తప్పని, దానివల్ల చెట్టు, రైతు, తినేవాడు ముగ్గురూ నష్టపోతున్నారని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నాగపూరు సంత్రా విషయంలో తొక్క రంగును బట్టి కాయ పండిందో లేదో తెలియదు. అది ఎలాంటి రాత్రుల్లో పెరిగిందో మాత్రం తెలుస్తుంది. తొక్కలోని పత్రహరితం విరిగిపోయి దాని వెనక దాగిన పసుపు, నారింజ వర్ణాలు బయటపడాలంటే రాత్రులు బాగా చల్లబడాలి. లోపల తొనల్లో తీపి పెరగడానికీ పులుపు తగ్గడానికీ లెక్క వేరు. అది పూత నుంచి గడిచిన నెలల మీద, అందిన నీటి మీద, చెట్టుకున్న ఆకుల ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. ఈ రెండు పనులూ ఒకే వారంలో ముగియాలన్న నియమం ప్రకృతిలో లేదు. ఏడాది పొడుగునా రాత్రులు వెచ్చగా ఉండే దేశాల్లో ఈ జాతి పండ్లు పూర్తిగా పండి కూడా పచ్చగానే ఉంటాయి, అక్కడివాళ్లు వాటిని అలాగే కొని అలాగే తింటారు. విదర్భలో చలికాలం ఉంది కనుక ఇక్కడి సంత్రాకు రంగు వస్తుంది. కానీ ఆ చలి దసరాకు రాదు, దీపావళికి కూడా సగమే వస్తుంది. కాయ మాత్రం ఆలోపే పండిపోతుంది. "పచ్చగుంటే కాయ, పసుపైతే పండు అనుకుంటరు బిడ్డా, సంత్రాకు గా లెక్క లేదు" అని మా మామ అంటాడు. ఆయన తోటపని పుస్తకాల్లో నేర్చుకోలేదు గాని, ఈ ఒక్క మాటలో శాస్త్రం మొత్తం ఉంది.

మనం ఈ పండును సరిగా చూడలేకపోవడానికి ఒక కారణం దాని పేరు దగ్గరే ఉందని నా అభిప్రాయం. బడి పుస్తకంలో ఆరెంజ్ బొమ్మ కింద నారింజ అని రాసి ఉంటుంది. కోస్తా జిల్లాలవాళ్లు దీన్ని కమలాపండు అంటారు. మేమూ, తెలంగాణవాళ్లూ, మరాఠీవాళ్లూ సంత్రా అంటాం. నారింజ నిజానికి వేరే పండు. తొక్క గట్టిగా అంటుకుని ఉండే పులుపు పండు, చాలా ఇళ్లలో పచ్చడికే పనికివచ్చేది. నల్లగొండ, అనంతపురం తోటల నుంచి వచ్చి జ్యూసు బళ్ల మీద కుప్పలుగా ఉండే బత్తాయి మరొకటి. ఈ మూడింటినీ ఒకే ఇంగ్లీషు మాట కిందికి తోసేసరికి, ఒకదాని లక్షణం మరొకదానిలో వెతకడం మొదలుపెట్టాం. బత్తాయి పచ్చగా ఉన్నా ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అది అలాగే ఉంటుందని అందరికీ తెలుసు. సంత్రా మాత్రం ఇంగ్లీషు పుస్తకంలోని ఆరెంజ్ బొమ్మలా ఉండాలని కోరుతున్నాం. ఒక రంగుకు తన పేరునిచ్చిన పండు కదా, ఆ రంగులో లేకపోతే ఎలా అన్న ఆలోచన మన బుర్రల్లో పాతుకుపోయింది. చిత్రమేమిటంటే ఆ ఇంగ్లీషు మాట కూడా మన నేల నుంచే వెళ్లింది. సంస్కృతంలో నారంగమైనది పారశీకంలో నారంగ్ అయి, అరబ్బుల నోట నారంజ్ అయి, స్పెయిన్ మీదుగా చాలా యూరపు భాషల్లోకి పాకింది.

సంత్రా అనే మాట పోర్చుగల్‌లోని సింత్రా ఊరి నుంచి వచ్చిందని ఒక కథ చాలాకాలంగా చలామణిలో ఉంది. నేను దాన్ని నమ్మను. బాబరు తన స్వీయచరిత్రలో హిందుస్తానంలోని పండ్లను వర్ణిస్తూ సంగ్‌తరా అనే పండును పేర్కొన్నాడు. ఆయన 1530లో చనిపోయాడు. అప్పటికి పోర్చుగీసువాళ్లు పడమటి తీరం పట్టుకుని ఎంతో కాలం కాలేదు. అంత తక్కువ కాలంలో ఉత్తరదేశపు తోటల్లోకి ఆ పేరు పాకి స్థిరపడిందనడం నాకు కష్టంగా తోస్తుంది. బాబరు చూసిన పండు మన సంత్రా అవునా కాదా అనే వాదం అలా ఉంచినా, పేరు మాత్రం పాతదే.

పండు పుట్టుక ఇంకా పాతది. నిమ్మజాతి చెట్ల జన్యువులను పోల్చి చూసి 2018లో వెలువడిన పరిశోధన, ఈ కుటుంబం హిమాలయాల ఆగ్నేయపు అడుగుకొండల్లో, అంటే తూర్పు అస్సాము, ఉత్తర బర్మా, పశ్చిమ యున్నాన్ కలిసే చోట, సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం శాఖోపశాఖలుగా విడిపోయిందని తేల్చింది. మనకు తెలిసిన నిమ్మజాతి పండ్లలో ఎక్కువ భాగానికి మూలం మూడు కులాలు: పంపరపనస, మాదీఫలం, మూడోది సంత్రా జాతి. దాన్నే ఇంగ్లీషువాళ్లు మాండరిన్ అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు సిట్రస్ రెటిక్యులేటా. బత్తాయిలోనూ నారింజలోనూ ఉన్నది పంపరపనసకూ సంత్రా జాతికీ కలిసిన రక్తం. అంటే సంత్రా బత్తాయికి పూర్వీకుల వరసే గాని, తమ్ముడి వరస కాదు. అయితే అడవి మాండరిన్ చిన్నది, పులుపు ఎక్కువ. మనం తినే తీపి రకాల్లో కూడా ఎప్పుడో కలిసిన పంపరపనస వాటా కొంత ఉందని, కాయ పెద్దదవడానికీ పులుపు తగ్గడానికీ అదే కారణమై ఉంటుందని ఆ పరిశోధన సూచించింది. మేఘాలయలోని గారో కొండల్లో, నోక్రెక్ అడవిలో, ఈ కుటుంబపు అడవి చుట్టం ఒకటి ఇప్పటికీ రక్షిత ప్రాంతంలో బతికి ఉంది.

నాగపూరుకు ఈ మొక్క ఎలా వచ్చిందో చెప్పే కథ ఇక్కడి తోటల్లో అందరికీ తెలిసినదే. 18వ శతాబ్దంలో భోంస్లే రాజైన రెండవ రఘూజీ ఔరంగాబాదు నుంచి మొక్కలు తెప్పించి నాగపూరులోని తన తోటలో నాటించాడంటారు. ఔరంగాబాదు ఆనాడు నిజాము ఏలుబడిలోనిది. మా యవత్మాల్ కూడా బీరారులో భాగంగా 1853 వరకు నిజాము పాలనలోనే ఉండేది. కనుక ఈ మొక్క ఒక దొర తోట నుంచి మరొక దొర తోటకు వెళ్లిన దారి మా ఊళ్లకు పరాయిది కాదని నేను అనుకుంటే ఎవరూ తప్పుపట్టరనుకుంటాను. రాజుగారి తోట నుంచి అది రైతుల చేలకు పాకి, ఈనాడు నాగపూరు జిల్లాలో కాటోల్, నర్ఖేడ్, అమరావతి జిల్లాలో వరుడ్, మోర్షీ, హద్దు దాటి మధ్యప్రదేశ్‌లో ఛింద్‌వాడా వైపు దాకా పరుచుకుంది. వరుడ్ దగ్గరి శెందుర్జనా ఘాట్ అంటుమొక్కల నర్సరీలకు పేరు పొందింది. నాగపూరు సంత్రాకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తోటల ముఖ్యప్రాంతంతో పోలిస్తే పెన్‌గంగ ఒడ్డున ఉన్న మా ఊళ్లు పత్తి నేలలే. సంత్రా ఇక్కడ అక్కడొకటి ఇక్కడొకటి, పత్తి చేల మధ్య ఏకాంతంగా కనిపిస్తుంది.

ఇక పండు. పక్వానికి వచ్చిన సంత్రాను అరచేతిలో పెట్టుకుంటే అది పూర్తి గుండ్రం కాదని తెలుస్తుంది. కింద కొంచెం అణిగి, తొడిమ దగ్గర కొన్ని కాయల్లో చిన్న మెడలాగా పైకి లేచి ఉంటుంది. 6 నుంచి 7 సెంటీమీటర్ల అడ్డుకొలత, వంద గ్రాములకు కాస్త పైన బరువు. తొక్క మీద నూనె గుంటలు సన్నగా, కంటికి కనిపించేంత స్పష్టంగా ఉంటాయి. గోరు తగిలితే చాలు, ఆ నూనె గాలిలోకి చిమ్ముతుంది. తొక్క లోపలి గుజ్జుకు అంటుకుని ఉండదు. తొడిమ దగ్గర బొటనవేలు గుచ్చి లాగితే రెండు మూడు ముక్కలుగా ఊడి వస్తుంది. తొనల మీద తెల్లటి పీచు వలలాగా మిగులుతుంది. రెటిక్యులేటా అంటే వల ఉన్నదనే అర్థం, ఆ పేరుకు కారణం ఈ పీచే. 10 నుంచి 12 తొనలు, ఒకదాన్నొకటి పట్టుకోకుండా విడివిడిగా వస్తాయి. మధ్యలో బత్తాయికి ఉండే గట్టి కాడ ఉండదు, బోలుగా ఉంటుంది. గింజలు కొద్దే. గింజను నాటితే చాలాసార్లు తల్లిచెట్టు వంటి మొక్కే వస్తుంది, ఎందుకంటే ఒక్క గింజలోనే తల్లి కణాల నుంచి పుట్టిన అదనపు పిండాలు ఉంటాయి. రసంలో కరిగి ఉండే ఘనపదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, 10 నుంచి 12 శాతం. నాగపూరు సంత్రా ప్రత్యేకత వట్టి తీపిలో లేదు. ఆ తీపి వెనక నాలుక అంచుల మీద కాసేపు నిలిచే పులుపులో ఉంది. వట్టి తీపి కావాలంటే బత్తాయి ఉంది.

ఈ వదులు తొక్కను వ్యాపారులు లోపంగా చెబుతారు. పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చితే నలుగుతుంది, రవాణాలో ఎక్కువ దెబ్బతింటుంది, నిల్వ తక్కువ. ఆ మాటలు నిజమే. కానీ కత్తి లేకుండా, పళ్లెం లేకుండా, బస్సులో కూర్చున్న పసిపిల్ల తనంతట తాను ఒలుచుకుని తినగలిగే పండు ఇంకేముంది? ఆ గుణమే దూరదేశపు బజారులో దోషమైంది. బజారుకు తగినట్టు పండును మార్చాలా, పండుకు తగిన దూరంలో బజారు వెతకాలా అని అడిగితే నేను రెండో పక్షమే. నాగపూరు నుంచి హైదరాబాదుకు పోయే 44వ నంబరు రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. కోసిన మర్నాటికి ఆదిలాబాదు, నిర్మల్ బజార్లకు చేరే దూరంలోనే ఇన్ని వేలమంది తెలుగువాళ్లం ఉన్నాం. ఈ మధ్య బంగ్లాదేశ్ దిగుమతి సుంకం పెంచినప్పుడల్లా వరుడ్ తోటల్లో ధర పడిపోయిన సంగతి చూశాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

రంగు సంగతి అర్థం కావాలంటే బహార్, అంటే పూత కాలం, సంగతి తెలియాలి. సంత్రా చెట్టు తనంతట తాను ఏడాదికి రెండు మూడుసార్లు పూయగలదు. రైతు నీళ్లు ఆపి, చెట్టును కొన్ని వారాలపాటు ఎండగట్టి, ఆకులు వాడిపోయే దశలో మళ్లీ నీరు, ఎరువు ఇస్తే ఒక్కసారిగా పూత విరుచుకుపడుతుంది. ఇక్కడ దీన్ని తాణ్ ఇవ్వడం అంటారు. జనవరి, ఫిబ్రవరిలో మామిడి పూతతోపాటు వచ్చేది అంబియా బహార్. దాని కాయ ఎనిమిది తొమ్మిది నెలలు పెరిగి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది. మృగశిర కార్తె వానలతో, జూన్, జూలైలో పూసేది మృగ్ బహార్. అది ఫిబ్రవరి, మార్చిలో కోతకు వస్తుంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని మన సామెత. ఆ వానకే సంత్రా కూడా లేచి పూస్తుంది. మృగ్ కాయ డిసెంబరు, జనవరి చలిరాత్రులన్నీ చెట్టు మీదే గడుపుతుంది కాబట్టి నిండు రంగుతో వస్తుంది, తొక్క పలచన, రుచి కూడా ఒక మెట్టు పైనే. మృగ్ పండు ముందు అంబియా పండు కాస్త వెనకబడిందంటే ఒప్పుకుంటాను. కానీ అంబియాను అంబియాగా తినాలి. నవంబరులో వచ్చే పండులో ఫిబ్రవరి పండు రంగు వెతకడం, ఆషాఢంలో సంక్రాంతి ముగ్గు వెతకడం వంటిదే.

వెతికితే దొరకనిదాన్ని బజారు తయారుచేసి ఇస్తుంది, నా బాధంతా అక్కడే. మామిడికాయను కోసి గడ్డిలో వేసి మాగబెడితే లోపల పిండి చక్కెరగా మారుతుంది. సంత్రాలో అలా మారడానికి పిండి నిల్వ లేదు. చెట్టు నుంచి విడిపోయిన క్షణాన ఉన్న తీపే చివరిదాకా ఉంటుంది, పెరగదు. కానీ ఇథిలీన్ వాయువు తగిలితే తొక్కలోని పచ్చదనం విరిగి పసుపు బయటపడుతుంది. పచ్చిగా, పుల్లగా ఉన్న కాయను గదిలో పెట్టి పసుపు చేయవచ్చునన్న మాట. ఇథిలీన్ వాయువు వాడకానికి మన దేశంలో పరిమితులతో అనుమతి ఉంది, కార్బైడుకు లేదు. నా అభ్యంతరం ఆరోగ్యం గురించి కాదు. రంగు పూయగలిగేదైనప్పుడు, రంగుకే ధర కట్టే కొనుగోలుదారుకు తొందరగా కోసిన పుల్లకాయే దక్కుతుంది. పక్వానికి వచ్చాక చెట్టు మీద నిదానంగా ఉంచిన రైతుకు, పచ్చగా ఉందన్న కారణంతో తక్కువ ధర వస్తుంది. పైగా ఇథిలీన్ తగిలిన కాయకు తొడిమ దగ్గరి బొడిపె త్వరగా ఎండి రాలి, ఆ చోటు నుంచి కుళ్లు మొదలవుతుంది. వదులు తొక్కకు తోడు ఇది కూడా కలిస్తే నిల్వ ఇంకా తగ్గుతుంది. వ్యాపారి చెప్పే లోపాల్లో కొన్ని పండుతో పుట్టినవి కావు, మనం రంగు అడిగినందువల్ల వచ్చినవి.

రంగు వచ్చేదాకా చెట్టు మీదే ఉంచవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగారు. ఉంచవచ్చు, కానీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చీకటిపడగానే రసం పీల్చే రెక్కల పురుగులు వస్తాయి. వాటి గొంగళిపురుగులు తిప్పతీగ వంటి తీగల మీద పెరుగుతాయి, తోట చుట్టూ కంచెల్లో ఆ తీగకు కొదవ లేదు. రెక్కలు వచ్చాక సంత్రాకు సూదిలాంటి తొండంతో గుచ్చి రసం పీలుస్తాయి. గుచ్చినచోట మెత్తబడి రెండు మూడు రోజుల్లో కాయ రాలిపోతుంది. మా అత్త ఆ రోజుల్లో సాయంత్రం పూట తోట నాలుగు మూలలా తడిగడ్డీ ఎండుగడ్డీ కలిపి పొగ పెట్టేది. రాలిన కాయలను ఏరి గోతిలో పూడ్చడం పిల్లల పని. ఒక్కొక్క రోజు బుట్టలు బుట్టలు పూడ్చాం. రంగు కోసం ఇంకో మూడు వారాలు ఆగమని చెప్పేవాళ్లు ఆ బుట్టల్ని చూసి ఉండాలి.

పైపై చూపు చూసి మోసపోవడం కొనేవాళ్లకే పరిమితం కాదు. మేమూ మోసపోయాం, అది చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. 2005లో మామ తోట వేసినప్పుడు 6 మీటర్ల ఎడంతో, అంటే హెక్టారుకు 277 చెట్ల లెక్కన, 2 ఎకరాలకు 220 అంటుమొక్కలు తెచ్చాడు. నర్సరీలో అన్నిటికంటే ఎత్తుగా, ముదురాకుపచ్చగా ఉన్నవాటిని నేనూ ఆయనా కలిసి ఏరాం. అంటుకు కింద వేళ్లనిచ్చే వేరు మొక్క ఏదని అడిగితే మంచిదేనన్నారు. కన్ను కట్టిన చోటు, అంటే వేరు మొక్కకు సంత్రా మొగ్గను అతికిన చోటు, నేలకు ఎంత ఎత్తులో ఉందో మేము చూడనే లేదు. సంత్రా అంటుకు వేరు మొక్కగా ఇక్కడ వాడేవి ముఖ్యంగా రెండు: జంబేరీ, రంగ్‌పూర్ నిమ్మ. రెండింటిలోనూ మాదీఫలంతోపాటు సంత్రా జాతి రక్తమే ఉంది, కనుక చెట్టు తన చుట్టం వేళ్ల మీదే నిలబడుతుందనుకోవచ్చు. కానీ ఆ చుట్టాల స్వభావాలు వేరు. నేలలో నీరు నిలిస్తే పుట్టే ఫైటోఫ్తోరా బూజును జంబేరీ తట్టుకోలేదు. రంగ్‌పూర్ నిమ్మ చాలావరకు తట్టుకుంటుంది. మాది లోతైన నల్లరేగడి, వానాకాలం నీరు వదలని నేల. మాకు వచ్చినవి జంబేరీ మొక్కలు. కన్ను నేలకు కనీసం 9 అంగుళాల ఎత్తులో ఉండాల్సింది జానెడు కూడా లేదు. గాలికి పడిపోకూడదని మట్టి ఎగదోసి ఆ కాస్త ఎత్తును కూడా మేమే పూడ్చాం. పైగా మొదలంటా నీరు పారించాం.

ఆరో ఏట మొదళ్ల దగ్గర బెరడు పగిలి బంక కారడం మొదలైంది. మరాఠీలో డింక్యా అంటారు, మేము బంక తెగులు అంటాం. ఆకులు పసుపు తిరిగాయి, తెగులు పట్టిన చెట్లకు కాయలు మామూలుకంటే ముందే, చిన్నవిగా ఉండగానే, చక్కటి రంగుకు వచ్చాయి. ఆ ఏడు మా తోటకు వచ్చిన వ్యాపారి మనుషులు ఆ కాయలనే మొదట కోసుకుపోయారు. చచ్చిపోతున్న చెట్టు ఇచ్చిన పసుపు అది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. కిలో మైలతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీరు కలిపిన బోర్డో పేస్టు వానలకు ముందొకసారి, తరువాత మరొకసారి మొదళ్లకు పూయాలని, నీరు మొదలుకు తగలకుండా చెట్టు చుట్టూ రెండు వలయాల పాదు కట్టాలని అప్పుడు నేర్చుకున్నాం. 2013 నాటికి 60కి పైగా చెట్లు పోయాయి.

నా వాదానికి ఎదురుగా చెప్పదగిన మాటలు రెండున్నాయి. ఒకటి, పచ్చగా ఉన్నదల్లా పండినది కాదు. సెప్టెంబరు చివర వచ్చే మొదటి పచ్చకాయ పుల్లగానే ఉంటుంది; దాన్ని తిని మోసపోయినవాళ్లు నవంబరు పచ్చకాయను కూడా నమ్మరు, వాళ్లను తప్పుపట్టలేను. అలాగే సిల్లా అనే చిన్న పురుగు మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు సోకిన చెట్టు కాయ ఒకవైపు వంకరపోయి, కింది భాగం పచ్చగానే మిగిలిపోయి, లోపల గింజలు నల్లగా వట్టిపోయి, చేదుగా ఉంటుంది. రెండోది, బజారులో ఏడాదిలో చాలా నెలలు నిగనిగలాడే పసుపు సంత్రా దొరుకుతూనే ఉంది కదా, ఆ పచ్చకాయ మాకెందుకు అనేది. జనవరిలో ఆదిలాబాదులో, హైదరాబాదులో సంత్రా పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పంజాబు నుంచి వచ్చే కిన్నో. కాలిఫోర్నియాలో 1915లో కింగ్, విల్లో లీఫ్ అనే రెండు మాండరిన్లను కలిపి పుట్టించి 1935లో విడుదల చేసిన సంకరమది. రసం బాగా ఇస్తుంది, తొక్క గట్టిగా పట్టుకుని ఉండటంవల్ల ప్రయాణానికి నిలుస్తుంది, చలి గట్టిగా ఉండే చోటు పెరుగుతుంది కనుక రంగు గొప్పగా ఉంటుంది. గింజలు మాత్రం తొనతొనకూ తగులుతాయి. అది మంచి పండు, దానికి దాని పేరుంది. దాన్ని సంత్రా అని అమ్మినందువల్ల, నిజమైన సంత్రా వచ్చినప్పుడు అది కిన్నో లాగా లేదని జనం వెనక్కి పెడుతున్నారు.

మరి ఎలా ఏరాలి? మొదట ఏ బహార్ కాయో అడగండి. అమ్మేవాళ్లకు తెలుసు, అడిగేవాళ్లు లేక చెప్పరు. తరువాత చేతిలో తూచండి. ఒకే పరిమాణం ఉన్న రెండు కాయల్లో బరువైనదాన్ని తీసుకోండి, రసం దానిలోనే ఉంది. వేలితో మెల్లగా నొక్కితే తొక్క కొంచెం కదలాలి, లోపలికి గుంటపడకూడదు; గుంటపడిందంటే కాయ ముదిరి, తొక్క ఉబ్బి, తొనలు ఎండడం మొదలైంది. తొడిమ బొడిపె పచ్చగా, కాయకు అంటుకుని ఉందో లేదో చూడండి. కత్తెరతో కోసినదైతే అక్కడ శుభ్రంగా ఉంటుంది, మెలితిప్పి పీకినదైతే తొక్క చిరిగి చిన్న కన్నం ఉంటుంది, అలాంటిది రెండు రోజులు కూడా నిలవదు. వంకరకాయను వదిలేయండి. గోరుతో గీకి వాసన చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా అనుమానముంటే ఒక కాయ ఒలిచి తినండి. సంత్రా అమ్మేవాళ్లు రుచి చూడనివ్వకపోవడం నేను ఎక్కడా చూడలేదు.

పోయిన చెట్ల చోట మామ 2014లో రంగ్‌పూర్ నిమ్మ మీద కట్టిన మొక్కలు నాటాడు. ఈసారి ఆకు రంగు చూడలేదు, చెప్పు విప్పి దానితో కన్ను ఎత్తు కొలిచి మరీ తెచ్చాడు. అవి ఇప్పుడు నిండు కాపులో ఉన్నాయి. నిరుడు దీపావళికి కొంత కాయను వ్యాపారికి ఇవ్వకుండా ఆపి, 12 క్రేట్లు కోయించి, పాటన్‌బోరీ దగ్గర రహదారి పక్కన చెట్టు కింద పెట్టుకు కూర్చున్నాడు. అన్నీ పచ్చవే, అక్కడక్కడ పసుపు జీర. ఒక పళ్లెంలో నాలుగు కాయలు ఒలిచి, తొనలు విడదీసి ముందు పెట్టాడు. తిన్నవాళ్లలో ఎక్కువమంది కొన్నారు, తినకుండా రంగు చూసి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పొద్దుగూకే వేళకు 7 క్రేట్లు అమ్ముడయ్యాయి, మిగిలిన 5 మా చుట్టాల ఇళ్లకు పంచాం. ఈ ఏడు కూడా అక్కడే కూర్చుంటానంటున్నాడు. పళ్లెంతోపాటు ఒక అట్ట కూడా పెట్టాలని, దాని మీద "అంబియా సంత్రా, ఫిబ్రవరి పూత" అని తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో రాసి ఇమ్మని మొన్న ఫోనులో నాకు చెప్పాడు.